ఉల్టా తిరిగిన ఫ్యాను

ఆ రోజుల్లో, డిగ్రీ పట్టా చేతికొస్తే కరెంటు కూడా మన మాట వింటుందని నమ్మేవాణ్ణి. ఇప్పుడు నా మోకాళ్లే నా మాట వినడం లేదు. శ్రీకాకుళం నుంచి మెదక్ వచ్చి, చుట్టుపక్కల మిల్లులకూ కార్ఖానాలకూ కరెంటు బిగిస్తూ ముప్ఫై ఏళ్లు గడిపాను. ఈమధ్య ప్యానెల్ తలుపు తీస్తేనే నీరసం వస్తోంది. అందుకే కాబోలు, మొదటి ఉద్యోగం తరచూ గుర్తొస్తోంది.

డీజిల్ ఇంజనుతో నడిచే పాత రైసు మిల్లును కరెంటుకు మార్చే పని. యజమానిని అందరూ పటేలు అనేవారు. నాకు సాయంగా ఉన్న పెద్ద మేస్త్రీ టెస్టర్ మామ (ఆదివారం చర్చిలో పాడేటప్పుడు కూడా ఆయన జేబులో టెస్టర్ ఉండేది). ప్రారంభానికి ముందురోజు ఆయన మెల్లగా అన్నాడు: "సారూ, దుమ్ము బయటికి తోలే గా పెద్ద ఫ్యాను జర తిప్పి సూద్దమా? ఎటు తిరుగుతదో ఏమో."

"నేను ఇంజనీరింగ్ చదివాను మామా," అన్నాను. ఆయన టెస్టర్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పూజారి కొబ్బరికాయ కొట్టారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు, నేను పెళ్లికొడుకులా ముందుకొచ్చి స్విచ్చి నొక్కాను. ఫ్యాను ఎదురు తిరిగింది. గోడ అవతల కుప్పపోసిన ఊకంతా లోపలికి లాగి అందరి మీదా కుమ్మరించింది. పాస్టరుగారి తెల్ల అంగీ, పటేలు తెల్ల చొక్కా ఒకే రంగుకొచ్చాయి. "బయటికి తోలుతది అంటిరి గదా సారూ, గిట్ల మా నెత్తిమీదికి తోలవట్టె!" అని పటేలు దగ్గుతూ అరిచాడు. నేను స్విచ్చి ఆపి, వెనక తలుపులోంచి పారిపోయాను.

సంచి సర్దుకుని బస్టాండులో కూర్చున్నాను. సైకిలు మీద టెస్టర్ మామ వచ్చాడు, మీసాల్లో ఊకతో.

"యాడికి సారూ? రెండు వైర్లు అటిటు మారిస్తే అయిపాయె. నేను ముట్టలే. మీరే మార్చాల్నన్నడు పటేలు."

"బాగా కోపంగా ఉన్నారా?"

"మస్తు కోపంగున్నడు. తిడతడు, గంతే. పోనియ్యడు. రాండ్రి."

అందరి ముందూ వైర్లు మార్చాను. ఫ్యాను బుద్ధిగా తిరిగింది. పటేలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముద్దముద్దకూ తిడుతూ, కడుపునిండా అన్నం పెట్టించాడు. తర్వాత తన బంధువుల మిల్లులకూ నన్నే పిలిపించాడు.

ఇక్కడ ఇప్పటికీ నేను ఆంధ్రా సారునే. మా ఊరెళితే మాత్రం, నా మాట విని "తెలంగాణ నుంచి వచ్చారా?" అంటారు. ఎవరికీ సర్దిచెప్పే ఓపిక లేదు. అప్పుడప్పుడు బస్టాండు మీదుగా వెళ్తుంటే, సంచి ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. తిట్టాలనిపించదు. పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.