ఆ ఫ్యాను ఎవరి కోసమమ్మా?

మా జగదీశ్వరరావు గారికి వెలుగుతున్న బల్బు గానీ, కారుతున్న కుళాయి గానీ కంటబడితే చెయ్యి ఊరుకోదు. ఆపేస్తారు. అది ఎవరి ఇల్లన్నది ఆయనకి అనవసరం.

నర్సీపట్నంలో మాది నాలుగు వాటాల కాంపౌండు. ఉద్యోగం మీద నేను ఒంటరిగా అక్కడ దిగిన రోజు, వంటింట్లో పాలు పొంగిస్తూంటే ముందు గదిలో ఫ్యాను ఆగింది. కరెంటు పోయిందేమోనని వచ్చి చూస్తే, లుంగీ, బనీనుతో అరవై అయిదేళ్ళ మనిషి స్విచ్చు మీద వేలు పెట్టి నిలబడి ఉన్నారు.

"ఎవరండీ మీరు?"

"పక్క వాటా. గదిలో మనిషి లేనప్పుడు ఆ ఫ్యాను ఎవరి కోసమమ్మా?"

"ఇప్పుడే వచ్చేస్తానండీ..."

"వచ్చాక ఏసుకో," అని వెళ్ళిపోయారు. పేరైనా చెప్పలేదు.

వివరాలు తరవాత తెలిశాయి. ఆయన కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. గొలుగొండ దాటి కొండల్లోకి స్తంభాలు మోయించి, తీగలు లాగించిన మనిషి. "ఒక్క బల్బు వెలగడానికి ఎన్ని భుజాలు కాయలు కాశాయో నీకేటి తెలుసు?" అనేవారు. భార్య అచ్చియమ్మ గారు పోయి ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. సాయంత్రం చీకటి పడ్డా లైటు వెయ్యకుండా మెట్ల మీద ఒక్కరే కూర్చునేవారు.

ఆదివారాలు నాతో మాట్లాడే మనిషీ ఆయనొక్కరే. అదీ స్విచ్చుల గురించి.

నీళ్ళ సంగతి ఇంకా ఘోరం. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి, బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూముకి. ఎదురు వాటా బుజ్జిబాబు ఏసీ పెట్టించుకుంటే, మర్నాటికల్లా దాని గొట్టం కింద ఈయన బకెట్టు! ఒకరోజు బుజ్జిబాబు ఏసీ తొందరగా ఆపేశాడు. ఈయన సంతోషించబోయి, సగమే నిండిన బకెట్టు చూసి దిగాలు పడ్డారు. కరెంటు పక్షాన నిలబడాలో, నీళ్ళ పక్షాన నిలబడాలో తేల్చుకోలేక ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదట.

ఆ బుజ్జిబాబు చెల్లెలి పెళ్ళిలో ఉదయం పదింటికి, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి, మండపంలో లైట్లన్నీ ఆపేశారు. వీడియో అతను లబోదిబోమన్నాడు. "బయట అంత ఎండ పెట్టుకుని లైట్లెందుకు?" అంటూ ఈయన కిటికీ కర్టెన్లు లాగుతున్నారు. ఇప్పటికీ ఆ వీడియోలో అసలు ఘట్టం కనిపించదు. చీకట్లో "ఎవుడ్రా అది?" అన్న పెళ్ళికొడుకు గొంతొక్కటే వినిపిస్తుంది.

కాంపౌండు చివరి గది డెబ్బై దాటిన కామమ్మది. కొండ దిగి వచ్చి ముప్పై ఏళ్ళయింది. అడ్డాకులతో విస్తర్లు కుట్టి అమ్ముకుంటుంది. ఆవిడకీ ఎవరూ లేరు. గదిలో ఉన్నది ఒక్కటే బల్బు. దాని కోసం ఈయన రోజూ పొద్దున్న ఏడింటికి హాజరు.

"తెల్లారిపోనాది కామమ్మా, బల్బు ఆపు."

"నీకేటి పని నేదా బాబూ? నా బల్బు మీద పడి ఏడుస్తావేటి?"

ఆ తిట్లు మొదట్నించి చివరిదాకా నిలబడి విని, నవ్వుకుంటూ వచ్చేసేవారు.

మొన్న మే నెలలో ఒక ఉదయం తిట్లు వినిపించలేదు. ఆయన కేక వినిపించింది. "అమ్మాయ్, బేగి రా!"

పరిగెత్తాను. కుళాయి కింద బిందె పొంగి నీళ్ళు వాకిట్లోకి పారుతున్నాయి. పక్కనే కామమ్మ జారిపడి, కాలు కదపలేక మూలుగుతోంది. ఆయన ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కళ్ళెదుట కుళాయి ధారగా పోతున్నా ఆయనకి కనబడలేదు. నేనే కట్టేశాను.

ఆటోలో ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాలి ఎముక చిట్లిందని కట్టు వేశారు, భయం లేదన్నారు. ఆయన మంచం పక్కన బెంచీ మీద కూర్చుని, తడిసిన లుంగీ అంచు పిండుకున్నారు.

"మా అచ్చియమ్మ పడిపోయిన రోజు నేను డ్యూటీలో ఉన్నానమ్మా," అన్నారు మెల్లిగా. "మధ్యాన్నం దాకా మా మోటారు తిరుగుతూనే ఉందట. ట్యాంకు పొంగి వీధిలోకి నీళ్ళొచ్చాయట. అందరూ చూశారు. ఎవరో ఒకరు ఆపుతార్లే అనుకున్నారు."

"మరి... బల్బుల వంక పెట్టుకోకుండా, ఊరికే వెళ్ళి పలకరించొచ్చు కదండీ?"

"రోజూ వెళ్ళి బాగున్నావా అంటే, వీడికి నా మీద జాలేటి అనుకుంటారు. బల్బు ఆపమంటే తిడతారు. తిట్టారంటే బాగున్నట్టే కదా!"

మగతలో ఉందనుకున్న కామమ్మ కళ్ళు తెరిచింది. "ఇది ఇన్నావా అమ్మా? మొన్న గాలివానకి రెండ్రోజులు కరెంటు నేదు. ఆ రెండ్రోజులూ ఒచ్చి బల్బు ఆపమన్నాడు!"

జగదీశ్వరరావు గారు కిటికీ వైపు తిరిగిపోయారు.

ఇంతలో నర్సు ఒక కాగితం తెచ్చింది. "పేషెంటుకి మీరేమవుతారండీ? ఇక్కడ రాసి సంతకం పెట్టండి."

ఆయన పెన్ను పట్టుకుని ఆగిపోయారు. కాగితం వైపు, నా వైపు, మళ్ళీ కాగితం వైపు చూశారు.

"తమ్ముడని రాసీ," అంది కామమ్మ, వార్డంతా వినపడేలా. "ఇన్నేళ్ళు నా సేత తిట్లు తిన్నోడు తమ్ముడు కాక ఇంకేటవుతాడు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, రాశారు. మ వత్తు సరిగ్గా పడలేదని ఇంకోసారి దిద్దారు.