ఐదు ముక్కల పోస్టు, ఐదు శ్రీరామలు

సూర్యాపేటలో మా ఇంట్లో జరిగే శనివారం భజనకు ఈమధ్య నేనూ, పక్కింటి యాదమ్మత్తా ఇద్దరమే మిగిలాం. ఇవాళ కూడా ఎవరూ రాకపోతే తాళాలు గుడిలో ఇచ్చేసి భజన ఆపేద్దామంది అత్త. నాకు మనసొప్పలేదు. అందరినీ పిలుస్తూ పొద్దున్నే ఫేస్‌బుక్‌లో రాద్దామని కూర్చున్నాను.

"అంతా ఒకేసారి చెప్పేయకండి అత్తయ్యా. ముక్కలు ముక్కలుగా పెట్టండి. మొదటిది చదివినవాళ్ళు రెండోదాని కోసం ఆగలేకపోవాలి" అంది మా కోడలు. కోదాడ పిల్ల, ఇలాంటివి బాగా తెలుసు.

ఐదు ముక్కలుగా పెట్టాను. చిన్న చీటీ రాసినా పైన 'శ్రీరామ' రాయడం నా అలవాటు కదా, ఐదింటికీ రాశాను. ఐదింటి కిందా దండం పెట్టే బొమ్మలే వచ్చాయి. వస్తామని ఒక్కరూ అనలేదు.

"పైన శ్రీరామ చూసి దండం పెట్టి వెళ్ళిపోయారు అత్తయ్యా!" అని కోడలు ఒకటే నవ్వు.

సాయంత్రం చూస్తే గుమ్మంలో ఎనిమిది మంది! నా సంబరం చెప్పలేను.

"నా పోస్టు సదివిన్రా?" అని అడిగాను.

"యాడ సదివినమక్కా! ఫేస్‌బుక్‌ల ఎన్నడు నోరు మెదపనిదానివి, ఒక్కనాడే ఐదుసార్లు రామున్ని తలిస్తివి. నీ పానం బాగలేదేమోనని ఉరికొచ్చినం" అంది మూలింటి సుజాత.

యాదమ్మత్త ఊరుకుంటుందా? ఒక్కొక్కరి చేతికీ తాళాలిచ్చి కూర్చోబెట్టింది. చాలా రోజులకు మా ఇల్లు నిండుగా పాడింది.

వచ్చే శనివారానికి ఏం రాయమంటారో మీరే చెప్పండి. పైన శ్రీరామ మాత్రం తీయను.