అక్క బిడ్డ రక్తం

సూర్యాపేటలో మా నాయిన దర్జీ. ఆయన జబ్బు సూది దగ్గరే బయటపడింది. దారం ఎక్కించలేక తంటాలు పడి, సూదులు నాసిరకమని అమ్మినవాణ్ని తిట్టేవాడు. కొన్నాళ్లకు ఊరికే కూర్చున్నా కుడిచెయ్యి వణకసాగింది. పార్కిన్సన్స్ అన్నారు.

అవి తెలంగాణ బందుల రోజులు. బస్సులు నడిచే రోజు చూసుకుని, ఒక్కగానొక్క కూతురినైన నేనూ, అమ్మా ఆయన్ని హైదరాబాద్ తీసుకెళ్లేవాళ్లం. ఒకసారి అక్కడి డాక్టరమ్మ, జబ్బున్నవాళ్ల రక్తాన్ని లేనివాళ్ల రక్తంతో పోల్చి చూస్తున్నామంది. చాలామందిలో మామూలుగా ఉండే జన్యువుల తేడాలే ఈ జబ్బు ముప్పును కాస్త పెంచుతాయేమో తేల్చుకోవాలట. ఒకే ఇంట్లో ఉండి, ఒకే తిండి తింటూ, రక్తసంబంధం లేని మనిషైతే పోల్చడానికి మేలట. అంటే భార్య.

అమ్మ ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తన వల్ల ఒక పని అవుతుందని చెయ్యి చాపుకుని కూర్చుంది.

"పెళ్లికి ముందు మీరు చుట్టాలా అమ్మా?" కాగితం నింపుతూ అడిగింది డాక్టరమ్మ.

"సుట్టమేంది, మా మేనమామే! మా అమ్మ సొంత తమ్ముడు."

రక్తం తీసుకోకుండానే పంపేశారు. మా వైపు సగం పెళ్లిళ్లు మేనరికాలే, ఇక పోల్చడానికి ఎవర్ని తెచ్చుకుంటారో అని నాకు ఒళ్లు మండింది.

"అక్క బిడ్డవని చేసుకుంటి, ఇయ్యాల గదే అడ్డమొచ్చె," అని బస్సులో నవ్వించబోయాడు నాయిన. అమ్మ నవ్వలేదు. నకిరేకల్ దాటాక నా వైపు తిరిగింది.

"ఆయన రక్తంల ఉన్నది నా రక్తంల గూడ ఉంటది. నీకు రెండు దిక్కులకెల్లి వచ్చె గద బిడ్డా."

తర్వాతిసారి డాక్టరమ్మను అడిగాను. అలాంటి తేడాలున్నా ఎంతోమందికి జబ్బు రాదనీ, లేనివాళ్లకూ వస్తుందనీ, ముప్పు కాస్త పెరగడమంటే వచ్చి తీరుతుందని కాదనీ చెప్పింది. నాకు సగం ధైర్యం వచ్చింది. అమ్మకు అదీ రాలేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పక్క వీధిలోని మా ఇంటికి సూదీ దారం పట్టుకొచ్చేది. జాకెట్టు హుక్కు ఊడిందట, దారం ఎక్కించివ్వాలట. నెల్లాళ్లు ఎక్కించిచ్చాను.

"మీ ఇంట్ల రోజుకో హుక్కు ఊడుతదా?" అని ఒకరోజు కసిరాను.

"నీ చెయ్యి సూసిపోదామని," అంది తల దించుకుని.

ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ రక్తమేమన్న వేరేనా? నువ్వెక్కించు, సూద్దాం," అని సూది ఆమె చేతిలో పెట్టాను. పెట్టగానే భయమేసింది. బస్సులో ఆ మాట విన్నప్పట్నుంచీ ఆమె చాయ్ పోస్తుంటే నేనూ ఆ చేతినే దొంగచాటుగా చూస్తున్నాను.

అమ్మ వాకిట్లో వెలుతురుకు వెళ్లి సూది ఎత్తి పట్టుకుంది. దారం పక్కకు పోయింది. రెండోసారీ పోయింది. నేను దారాన్ని చూడటం లేదు, వేళ్లనే చూస్తున్నాను. అవి వణకలేదు.

"బెజ్జమే కనవడ్తలేదు బిడ్డా," అని విసుక్కుంది.

కన్నతల్లికి చూపు ఆనడం లేదంటే అంత సంతోషపడ్డ కూతుర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.