ఇరవై నాలుగో తప్పు

నన్ను ముంచిన మనిషిని నేను అన్నా అని పిలిచేదాన్ని. పిలవడంతో ఆగలేదు, రెండేళ్లు వరసగా రాఖీ కూడా కట్టాను. వయసు పెరిగితే కోపాలు చల్లారతాయని అందరూ అంటారు గానీ నాకేం చల్లారలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల చివరి మాట ఇది. అశోక్‌నగర్‌లో ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ ఇచ్చే ఒక సెంటర్‌లో నేను ప్రోగ్రామర్‌ని. మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. కూరగాయల మార్కెట్ పక్క సందులో పడి నడిస్తే ఆఫీసు ఎంతో దూరం కాదు. కింద జిరాక్సు షాపు, దాని మీద క్లాసులు, ఆ పైన మా గది. మా గదిలో ఇద్దరమే. ప్రోగ్రాం రాసేది నేను, మిషన్లూ లైన్లూ బ్యాటరీలూ చూసుకునేది అన్న. ఆయనది బర్కత్‌పుర. నాకు కామెర్లు వచ్చి నెల్లాళ్లు మంచం మీదున్నప్పుడు రోజు విడిచి రోజు మా ఇంటికి చెరుకురసం తెచ్చిచ్చిన మనిషి. అందుకే గుడ్డిగా నమ్మాను.

నేను రాసింది నమూనా పరీక్షలు పెట్టే వెబ్‌సైటు. ఆదివారం పొద్దున్న అభ్యర్థులు మా సెంటర్లోనో, నారాయణగూడ నెట్ సెంటర్లలోనో కూర్చుని తెర మీద ప్రశ్నలకు జవాబులు నొక్కేవాళ్లు. గడువు అయిపోగానే తెర దానంతటదే మూసుకునేది. "మీ సమయం ముగిసింది. ఇంటికెళ్లి కడుపునిండా భోంచేయండి, మార్కుల సంగతి తర్వాత చూద్దాం" అని ఒక వాక్యం కనిపించేది. అది నేనే సరదాకి రాశాను. కాసేపటికి ఎవరి మార్కులు వాళ్లకి, ఏ ప్రశ్నకు ఏం నొక్కారో సహా, తెర మీద వచ్చేవి. సోమవారం ర్యాంకుల జాబితా ప్రింటు తీసి మెట్ల పక్క గోడకి మైదాపిండితో అతికించేవాళ్లం. దాని ముందు మూగిన జనాన్ని తోసుకుని పైకి రావాలంటే గగనమయ్యేది.

సెంటర్ నడిపేది ఒక రిటైరైన లెక్చరర్, అందరికీ సార్. వెబ్‌సైట్లు ఎక్కడో అద్దె మిషన్ల మీద పెట్టుకోవడం ఆయనకు నచ్చలేదు. "మన ప్రశ్నలు మన ఇంట్లనే ఉండాలె" అని పట్టుబట్టి, ప్రత్యేకంగా లైను వేయించుకుని, సర్వర్‌ని మా గదిలోనే పెట్టించారు. గోడ మీది జాబితా చూసి ఎవరైనా గొణిగితే ఆయనది ఒకటే మాట. "మనిషి తప్పు చేస్తడు గని కంప్యూటర్ చెయ్యదు."

ఒక సోమవారం ఒకావిడ పైకొచ్చింది. రాంనగర్ మనిషి. పెళ్లయి చిన్న పాప ఉంది. పాపను తల్లి దగ్గర వదిలి చదువుకోవడానికి వచ్చేది. గుమ్మంలోనే నిలబడి, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, ఆఖర్ల ఒక ప్రశ్నకు జవాబు నొక్కిన. నొక్కినంక స్క్రీన్ బందయింది. గని గా మార్కు రాలె."

"నొక్కాననుకుని ఉంటారండీ. చివర్లో కంగారుగా ఉంటుంది కదా" అన్నాను.

"లేదు మేడం, మంచిగ చూసే నొక్కిన."

"జవాబు పక్కన చుక్క పడి ఉండదు. చుక్క పడకపోతే నొక్కినట్టు కాదు."

"గంతేనేమో మేడం. నాకే చాతగాలేదు" అని దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఎందుకో మనసు పీకి ప్రోగ్రాం తెరిచి చూశాను. ఆవిడ నొక్కింది. గడువు ముగిసి తెర మూసుకునేటప్పుడు, ఆ క్షణాన తెర మీదున్న ప్రశ్నకు నొక్కిన జవాబు మా మిషన్‌కి చేరడం లేదు. త్వరగా ముగించుకుని లేచిపోయేవాళ్లకి నష్టం లేదు. ఆఖరి నిమిషం దాకా కష్టపడేవాళ్లకే ఒక జవాబు పోతోంది. ఒక్క లైను మారిస్తే చాలు. కానీ మారిస్తే ఎందుకు మార్చావని అన్న అడుగుతాడు, సార్ అడుగుతారు. అన్నాళ్లుగా గోడకి అతికించిన జాబితాలన్నీ తప్పని నా నోటితో నేనే చెప్పాలి. నాకు గుండె చాలలేదు. వీలు చూసుకుని గుట్టుగా సరిచేద్దాంలే అనుకుని మిషన్ ఆపేశాను.

ఆ వీలు త్వరలోనే వచ్చేలా కనిపించింది. అభ్యర్థులు పెరిగారు. ఆదివారం అందరూ ఒక్కసారి వచ్చి పడితే సర్వర్ బిగుసుకుపోయేది. ప్రోగ్రాం తనంతట తాను నడవదు, కింద పొయ్యి లేనిదే గిన్నెలో అన్నం ఉడకనట్టు. దాన్ని నడిపించే రన్‌టైమ్ ఒకటి ఉండాలి. వండినదాన్ని బయటినుంచి వచ్చిన వాళ్లందరికీ అందించే అప్లికేషన్ సర్వర్ ఇంకొకటి ఉండాలి. మా దగ్గర ఆ రెండూ పాతబడ్డాయి. కొత్తవి వచ్చాయి. వాటి మీదికి మారాలని అన్నే మొదట అన్నాడు, నేను ఎగిరి గంతేశాను. ఎలాగూ ప్రోగ్రాం మొత్తం మళ్లీ విప్పి కూర్చాలి కాబట్టి ఆ సందట్లో నా ఒక్క లైనూ మారిపోతుంది, ఎవరికీ తెలియదు.

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో టీ తాగుతూ అన్న నాకో పని చెప్పాడు.

"చెల్లె, ఇల్లు మారేటప్పుడు ఏ గిన్నెకు సొట్ట ఉందో ముందుగాలనే రాసుకోవాలె. లేకుంటే కొత్త ఇంట్లనే సొట్టవడ్డదంటరు. నీ ప్రోగ్రాంల ఏమేం తప్పులున్నయో అన్నీ ఒక బుక్కుల రాయి. ఒక్కటి గూడ దాయకు. కొత్త సర్వర్ మీద ఒక్కొక్కటి చూస్కుంట సాఫ్ చేద్దాం."

"అన్నీనా? సిగ్గుగా ఉంటుంది అన్నా."

"నా దగ్గర సిగ్గేంది? నీకూ నాకూ తప్ప ఎవ్వరికి తెలుస్తది?"

పొడవాటి రూళ్ల పుస్తకం కొని వారం రోజులు కూర్చుని రాశాను. కరెంటు పోయి వస్తే పరీక్షలో ఉన్నవాళ్లని మర్చిపోతుంది. ఇద్దరు ఒకేసారి జవాబులు పంపితే ఒకరివి పోతాయి. కొన్ని ఆదేశాలు కొత్త రన్‌టైమ్‌కి నచ్చవు. ర్యాంకుల లెక్క రెండుసార్లు నడిస్తే కొందరి పేర్లు రెండుసార్లు వస్తాయి. ఇలా నా పనిలో ఉన్న ప్రతి సొట్టనూ, అది ఎందుకు వచ్చిందో, ఏ ఫైల్లో ఏ లైను దగ్గరుందో, ఎలా సరిచేయాలో దాపరికం లేకుండా పెట్టాను. ఇరవై మూడు అయ్యాయి. ఇరవై నాలుగోది మాత్రం రాయలేదు. ఆ ఒక్కటీ నేనే చూసుకుంటాననుకున్నాను.

పుస్తకం తిప్పి చూసి అన్న చాలా మెచ్చుకున్నాడు. "కింద సంతకం పెట్టు చెల్లె. నడుమల ఎవ్వరన్న ఏదన్న గీకితే తెలుస్తది" అన్నాడు. ప్రతి పేజీ కిందా పెట్టాను. ఎంత జాగ్రత్త గల మనిషి అని మురిసిపోయాను కూడా. నా అంత మొద్దు ఇంకొకరు ఉండరు.

శనివారం మధ్యాహ్నం సార్ పిలిచారు. కొత్త సర్వర్‌కి మారే అప్‌గ్రేడ్ ఏ రోజు పెట్టుకోవాలో మాట్లాడటానికి అనుకున్నాను. నేను వెళ్లేసరికి అన్న అక్కడే కూర్చుని ఉన్నాడు, బల్ల మీద నా పుస్తకం ఉంది. సార్ అడిగారు.

"అమ్మా, గిది నీ చేతిరాతేనా?"

"నాదే సార్, కానీ అది..."

"సంతకం గూడ నీదేనా?"

నాదే అన్నాను. అన్న పుస్తకం తెరిచి ఒకటో నంబరు నుంచి చదవడం మొదలుపెట్టాడు. తాపీగా, క్లాసులో పాఠం చదివినట్టు ఇరవై మూడూ చదివాడు. నేను సరిచేయడానికి రాసుకున్న వివరాలు వదిలేసి తప్పులు మాత్రమే చదివాడు. అంతా అయ్యాక పుస్తకం మూసి, "నేను చెప్తలేను సార్. రాసినామెనే ఒప్పుకుంటున్నది. ఇంత చెడిపోయినదాన్ని కొత్త సర్వర్ మీదికి ఎక్కిస్తే అది గూడ ఖరాబైతది. బషీర్‌బాగ్‌ల నాకు తెలిసిన కంపెనీ ఉంది, కొత్త సర్వర్ మీద కొత్త ప్రోగ్రామే పెట్టిస్తరు" అన్నాడు.

"అన్నా, అప్‌గ్రేడ్ కోసం నువ్వే కదా రాయమన్నావు?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "రాయమన్న చెల్లె. గని ఇన్ని ఉంటయని నాకేం తెలుసు?"

చెల్లె అన్నాడు, అప్పుడు కూడా. ఆ మాట అనకుండా ఉంటే ఇంత కాలం ఇంత కోపం మిగిలేది కాదేమో. సార్ మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "పిల్లలు మనల నమ్మి వచ్చిండ్రమ్మా. రేపటి సంది నువ్వు ప్రశ్నలు టైప్ చెయ్యి, చాలు" అన్నారు. ఆయన్ని నేనేమీ అనలేను. ఆయన ముందున్నది నా దస్తూరీ.

రేపటి నుంచి రానని చెప్పి బయటికి వచ్చాను. అన్న మెట్ల దాకా వెనకే వచ్చాడు. క్షమించమంటాడేమో అని పిచ్చిదానిలా ఆగాను. "మనసుల పెట్టుకోకు చెల్లె. జర సర్వర్ పాస్‌వర్డ్ రాసియ్యి" అన్నాడు. రాసిచ్చాను. అక్షరాలు పొందిగ్గా రాసిచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు. కింద జిరాక్సు షాపాయన నా మొహం చూసి, "ఏందక్కా, అన్న గా బషీర్‌బాగ్ కంపెనీల పార్ట్‌నరయిండంట, స్వీట్ పెట్టిండు. మీకు పెట్టలేదా?" అన్నాడు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. అందరూ నా పక్షానే మాట్లాడారు. ఎప్పుడు చెప్పినా ఆ మెట్ల దగ్గరే ఆపేదాన్ని. దీని తర్వాతిది ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలలకు, ఒక ఆదివారం, ఉద్యోగాల కోసం మెయిల్ చూసుకుందామని నారాయణగూడలో నెట్ సెంటర్‌కి వెళ్లాను. పక్క కంప్యూటర్ దగ్గర రాంనగర్ ఆవిడ పరీక్ష రాస్తోంది. కొత్త వెబ్‌సైటు. రంగు నీలం, పైన బషీర్‌బాగ్ కంపెనీ ముద్ర. చూడకూడదనుకుంటూనే చూశాను. గడువు దగ్గరపడింది. ఆవిడ తెరకి మొహం ఆనించి, వేలు కదలకుండా పట్టుకుని జవాబు నొక్కింది. చుక్క పడటం నేనూ చూశాను. తెర మూసుకుంది.

"మీ సమయం ముగిసింది. ఇంటికెళ్లి కడుపునిండా భోంచేయండి, మార్కుల సంగతి తర్వాత చూద్దాం."

నా వాక్యం. నా ప్రోగ్రాం. రంగు మార్చి, నా పుస్తకం ముందు పెట్టుకుని ఇరవై మూడూ సరిచేసి, కొత్త రన్‌టైమ్ మీదికి ఎక్కించి కొత్తదని పెట్టారు. నేను చేయాల్సిన అప్‌గ్రేడే అది. దొంగ దొరికాడు. ఇప్పుడే అశోక్‌నగర్ వెళ్లి సార్‌ని ఇక్కడికి లాక్కొస్తాననుకుని కుర్చీలోంచి లేచాను. అప్పుడే ఆవిడ మార్కులు వచ్చాయి. ఒక్కొక్క జవాబూ వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లి, ఆఖరిదాని దగ్గర ఆగింది. అక్కడ జవాబు ఇవ్వలేదని ఉంది. తల తిప్పి నన్ను గుర్తుపట్టింది.

"మేడం, మీరు చూసిండ్రు గదా? నేను నొక్కిన గదా?"

"నొక్కారు" అన్నాను. "అప్పుడు కూడా నొక్కారు. తప్పు ప్రోగ్రాంలో ఉంది. నాది."

"గిప్పుడు తెలిసిందా మేడం?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. "మీరు వచ్చి అడిగిన రోజు సాయంత్రమే తెలిసింది" అన్నాను.

ఆవిడ నన్నే చూసింది. సార్ గదిలో అన్న వైపు నేను ఎలా చూశానో నాకు తెలుసు. అచ్చం అలాగే చూసింది.

"మీరు నొక్కలేదంటే నిజమే అనుకున్న మేడం. ఆఖర్ల నాకు చేతులు పనిచెయ్యవనుకున్న. పోయిన నెల అసలు పరీక్షల ఇంక పది నిమిషాలుండంగనే పెన్ను కింద పెట్టేసిన. కంగారుల తప్పు జవాబు దిద్దుతనేమో, ఉన్నది గూడ చెడగొట్టుకుంటనేమో అని. తెలిసిన ప్రశ్నలు గూడ వదిలేసిన." గొంతు పెంచలేదు. పర్సు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ నెట్ సెంటర్ బయటి రూపాయి ఫోన్ నుంచే సార్‌కి చేశాను. తెర మూసుకునేటప్పుడు ఆఖరి జవాబు పోతోందని, ఆ తప్పు నాదని, పాత జాబితాల్లో కూడా ఉందని, తెలిసే పుస్తకంలో రాయలేదని చెప్పాను.

సార్ అంతా విన్నారు. "గది సరే గనమ్మా, నువ్వు రాసిన తప్పు కొత్త ప్రోగ్రాంల ఎట్లుంటది?" అన్నారు.

రెండు నెలలుగా నేను ఎదురుచూసింది ఆ ఒక్క ప్రశ్న కోసమే. జవాబు నాలుక చివరే ఉంది. అన్న పేరు ఎత్తితే చాలు. కానీ రాంనగర్ ఆవిడ ఇంకా ఎదురుగా రోడ్డు దాటడానికి సందు కోసం చూస్తూనే ఉంది. "ఉంది సార్, సరిచేయించండి" అని మాత్రం అన్నాను. ఈలోగా రూపాయికి ఇచ్చే గడువు అయిపోయి లైను దానంతటదే తెగిపోయింది. జేబురుమాలు కొసన ఇంకో రూపాయి కట్టి ఉన్నా మళ్లీ చేయలేదు.