నోవహు ఓడలో ఒక్క రాత్రి

మా పక్కింటి సామ్యూల్ గారికి నోరు ఆగదు. ఆ ఒక్కటీ లేకపోతే సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో అంత మంచి మనిషి దొరకరు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలకు చెక్కపని చేసి రిటైరయ్యాక, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లొకటి కట్టారు. రెండు బెర్తులు, ఒక గ్యాస్ పొయ్యి, బెర్తుల తలవైపు ఇంత వెడల్పు కిటికీ. చర్చిలో అందరూ దానికి, బైబిల్లో జలప్రళయం మీద తేలిన నోవహు ఓడ పేరు పెట్టారు. కిటికీ మాత్రం భార్య డోరమ్మ గారి కోసం. ఉద్యోగమున్నన్నాళ్లూ తెల్లారకముందే లేచి, వంట చేసి, బడికి పరిగెత్తిన టీచరమ్మ ఆవిడ. ఒక్క పొద్దున్నైనా పక్క దిగకుండా సముద్రాన్ని చూడాలని ఆవిడ కోరిక. కాకినాడ నుంచి భీమిలి దాకా ఒడ్డు పట్టుకునే పోదామన్నారు ఈయన.

అని ఊరుకున్నారా? ఆదివారం చర్చిలో లేచి, ప్రయాణం కోసం ప్రార్థించమని అడిగారు. ఏ రాత్రి ఏ ఊళ్లో ఆగుతారో కూడా చెప్పారు. మనవాళ్లు ఉత్త ప్రార్థనతో సరిపెడతారా! ఆ ఊళ్లలో ఉన్న చుట్టాలకు ఫోన్లు వెళ్లాయి. కాకినాడలో ఎవరి తోడల్లుడో రోడ్డు మీదే కాపు కాశాడు.

“ఇల్లుండగా బండిలో పడుకుంటారా? మా పరువేం కావాలండీ?”

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకోవాల్సి వచ్చింది. మర్నాడు ఉప్పాడ రోడ్డు మీద కెరటాల తుంపర కారు అద్దాల మీద పడుతుంటే డోరమ్మ గారు మురిసిపోయారు. రాత్రికి విశాఖలో మళ్లీ అదే మర్యాద. గది కిటికీ తీస్తే పక్కవాళ్ల నీళ్ల ట్యాంకు.

“జెర నోరు మూసుకుంటే ఏం పోయేది మీకు?” అన్నారావిడ.

“చర్చిల అబద్ధం చెప్పాలా ఏందీ?”

“అబద్ధం చెప్పమన్ననా? ఊకోమన్న, గంతే.”

మిగిలింది భీమిలి. అక్కడ మా చర్చివాళ్ల దూరపు చుట్టం రోసమ్మ, ఒంటరి ముసలామె, సందు మొదట్లోనే ఎదురొచ్చింది.

“రండమ్మా. సేపల పులుసొండినాను. మంచం మీద కొత్త దుప్పటేసినాను. నాను కింద తొంగుంటాను.”

కాదంటే ఆమె మనసు నొచ్చుకుంటుంది. సరేనంటే తెల్లారి సికింద్రాబాద్ దారే. నేనైతే ఆ నడివీధిలోనే మా ఆయన్ని కడిగేసేదాన్ని. డోరమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“పులుసు గిన్నె తెచ్చుకోండి. ఈ రాత్రికి మీరే మా ఇంటి చుట్టం.”

బండిని ఒడ్డుకు తీసుకుపోయి ఆపారు. ముగ్గురూ అందులోనే తిన్నారు. ఆడవాళ్లిద్దరికీ బెర్తులు, సామ్యూల్ గారికి కారు సీటు. ఆయన నోటికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే.

తెల్లవారింది. కిటికీ నిండా సముద్రం, ఎర్రటి ఎండ. సామ్యూల్ గారు పొయ్యి బయట పెట్టుకుని కాఫీ కలిపి రెండు గ్లాసులు కిటికీలోంచి అందించారు. రోసమ్మ దుప్పట్లోంచి లేవకుండానే అందుకుంది.

“పుట్టినకాడ్నుంచి ఈ సంద్రం ఒడ్డునే ఉన్నానమ్మా. పక్కమీద కూకుని, ఒకలు కాఫీ ఇస్తే తాగతా సూడ్డం ఇదే.”

“నాకూ ఇదే మొదటిసారి,” అన్నారు డోరమ్మ గారు. తిరిగొచ్చాక నాకిది చెప్తుంటే మా వంటింట్లో కూడా ఆవిడ కళ్లు తడిశాయి.

బయట సామ్యూల్ గారు ఏదో చెప్పబోయారట. లోపల్నుంచి ఇద్దరూ ఒక్కసారే “ష్!” అన్నారు.