మేనమామ ఒడి

దేవవ్వకు అక్షరం ముక్క రాదు. నాకు ఉర్దూ, తెలుగు, కొంచెం ఇంగ్లీషు వచ్చు. రాతలో నన్ను మించినవాడు కరీంనగర్‌లో లేడని నా పొగరు. అనాథ బాలికల గృహంలో నేను గుమాస్తాను, ఆమె ఆయా. పిల్లల సంగతి మా ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలుసో 1961లో ఒక పూట తేలిపోయింది. ఆ తేలిన తీరు చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

ఆమెది హుజూరాబాద్, నేతపనివాళ్ల ఇల్లు. భర్త పోయాక మా దగ్గర చేరింది. కోపం ముక్కు మీదే ఉండేది. రోజూ మధ్యాహ్నం వరండాలో పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని పేలు చూసేది. పేలు చూపించుకునే పిల్ల ఊరుకోదు కదా, ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. అవ్వ ఏం వండేది, బాపు ఎందుకు తిట్టేవాడు, ఎవరిని చూస్తే భయం. దేవవ్వ అన్నీ విని మనసులో పెట్టుకునేది.

“పేలు చూసుడు గూడ సర్కారు కొలువేనా?” అని వెక్కిరించేవాణ్ణి.

“నువ్వు రాసుకో సారూ, నేను ఇనుకుంట,” అనేది.

ఆ ఎండాకాలంలో ఒక మనిషి వచ్చాడు. తెల్లటి ధోవతి, మెత్తటి మాట. మా దగ్గరున్న పదమూడేళ్ల బాలలక్ష్మి తన అక్క బిడ్డ అన్నాడు. తీసుకుపోయి తానే పెండ్లి చేసుకుంటానన్నాడు. మేనరికం మా దిక్కున కొత్తేం కాదు. ఊరి పేరు, కలరా గత్తరతో పోయిన తల్లిదండ్రుల పేర్లు తడుముకోకుండా చెప్పాడు. ఊరి పటేల్ ఇచ్చాడని ఒక చిట్టీ చూపించాడు. ఒక మంచం ఖాళీ అవుతుందని సూపరింటెండెంటు సంతోషం. పదమూడేళ్ల పిల్లకు పెండ్లేమిటని నేనైనా అడగలేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో అప్పగింత కాగితం రాసేశాను.

నాలుగేళ్లప్పుడు వచ్చిన పిల్ల, మేనమామ ముఖం ఏం గుర్తుంటుంది? తలుపు పట్టుకుని నిలబడింది. “నాకు యాదికి లేదవ్వా,” అంది దేవవ్వతో.

దేవవ్వ ఆ మనిషికి చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

“పుట్టెంటికలు మేనమామ ఒళ్లెనే గద తీసేది. గీ పిల్లకు యాడ తీసిండ్రయ్యా?”

“ఏములాడ రాజన్న కాడ. నా ఒళ్లెనే కూసోవెట్టుకున్న. మొదటి కత్తెర నేనే ఏసిన,” అన్నాడతను.

“అప్పుడు పిల్లకు ఎన్నేండ్లు?”

“ఏడాది నిండింది.”

దేవవ్వ నా వైపు తిరిగింది. “సారూ, నువ్వు చెప్పు. ఎవల ఒళ్లె తీసిండ్రు?”

అప్పుడు గుర్తొచ్చింది. బాలలక్ష్మి మా దగ్గరికి వచ్చిన రోజు తలంతా జడలు కట్టి ఉంది. అప్పటికి పుట్టువెంట్రుకలు తీయనే లేదు. దేవవ్వ ఊరుకోక పిల్లను వేములవాడ తీసుకుపోయింది, తోడు నన్నూ లాక్కుపోయింది. మేనమామ ఏడని మంగలి అడిగితే, “తల్లికి తోడవుట్టినోడు లేడట. గందుకే ఇన్నేండ్లు ఆగిందని పిల్లనే చెప్పింది. నువ్వు కూసో సారూ,” అంది. పిల్ల నా ఒళ్లో కూర్చుని ఏడుస్తూ నా చొక్కా గుండీ పీకేసింది. మొదటి కత్తెర వేసింది నేనే. తొమ్మిదేళ్లలో అదంతా శుభ్రంగా మరిచిపోయాను.

“నా ఒళ్లో,” అన్నాను.

ఆ మనిషి చెంబు కింద పెట్టి, చిట్టీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఆ చిట్టీ తాను ఇవ్వనే లేదని తర్వాత పటేల్ జవాబు రాశాడు. అతనెవరో, పిల్లను ఎక్కడికి తీసుకుపోదామనుకున్నాడో మాకు తెలియలేదు.

“మంచిగ రాసినవ్ సారూ,” అంది దేవవ్వ, నా కాగితం చూస్తూ. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి పేలు చూసే వేళకు నేనూ రిజిస్టరు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. పిల్లలు చెప్పేవారు, దేవవ్వ అడిగేది, నేను రాసేవాణ్ణి. ఈ పిల్లకు నా అన్నవాళ్లు ఎవరు, ఎవరొస్తే పంపాలి, ఎవరొస్తే పంపకూడదు. మొదటి పేజీ బాలలక్ష్మిది. మేనమామ ఎవరని అడిగితే ఆ పిల్ల నా వైపు చూసింది. నా పేరే రాశాను. ఆ ఒక్క వరుసలో నా అక్షరాలు వంకరగా వచ్చాయి.