నలుగురు వెస్లీలు పట్టని గ్యారేజీ

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో నేను పనిచేసే గ్యారేజీలో మనిషిని పిలవాలంటే మైకే గతి. టిప్పర్లు, ట్రెయిలర్లు, సిమెంటు లారీలు అన్నీ ఒకేసారి మూలుగుతుంటే పక్కవాడి మాట కూడా చెవికి అందదు. అందుకని ఆఫీసులో టైమ్‌కీపర్ బల్ల మీద ఒక మైకు, షెడ్డు మూలల్లో స్పీకర్లు పెట్టారు. టైమ్‌కీపర్ గొంతు సవరించుకుని "వెస్లీ టు ఆఫీస్" అన్నాడంటే ముగ్గురు మనుషులు మూడు దిక్కుల నుంచి బయలుదేరేవారు. గేటు దగ్గరి నుంచి సెక్యూరిటీ, కెన్యా ఆయన. స్పేర్ పార్ట్స్ కౌంటర్ నుంచి ఫిలిప్పీన్స్ ఆయన. వెల్డింగ్ షెడ్డు నుంచి మా గోదావరి అన్న. ముగ్గురూ ఆఫీసు మెట్ల దగ్గర కలుసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, పెయింట్ బూత్ లోంచి నేను తల బయటపెట్టి అరిచేవాణ్ని, "మీలో పెళ్లికొడుకు ఎవరు?" అని.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఎనిమిదిలోకి వెళ్లుంటే ఇలాంటి జోకులు వేసే తెలివి పోయేదేమో.

ఆ ముగ్గురితో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కొన్నాళ్లకు మైకే నేర్చుకుంది. గేట్ వెస్లీ, పార్ట్స్ వెస్లీ, వెల్డింగ్ వెస్లీ. ఎవరో కూర్చుని పెట్టిన పేర్లు కావవి, వాడుకలో పడ్డాయి. ముగ్గురిలో ఎవరి పుట్టినరోజు వచ్చినా మిగతా ఇద్దరూ కేకు ముందు నిలబడి దండాలు అందుకునేవారు.

లేబర్ క్యాంపులో మా గదిది ఇంకో పద్ధతి. గదిలో అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లం. అసలు పేర్లతో ఎవరికీ పనిలేదు. నేను మెట్‌పల్లి. నా పై మంచం కోరుట్ల. తలుపు పక్కన ఆర్మూర్. "కోరుట్లా, నీ తువ్వాల నా మంచం మీద ఎందుకున్నదిరా?" "మెట్‌పల్లీ, ఇయ్యాల గిన్నెలు నీ వంతే, మర్శిపోయినట్టు పండకు." మా గదిలో ఒక మంచం ఖాళీ అయితే వెల్డింగ్ వెస్లీ అన్న వచ్చి చేరాడు. మొదటిరోజే మా కేకలు విని పడీపడీ నవ్వాడు.

"ఏంట్రా ఇది, బస్టాండులో కండక్టర్లు అరుచుకున్నట్టు!"

"నీ ఊరు చెప్పన్నా, నీకు గూడ ఒక టికెట్ కొడ్తం," అన్నాను.

చెప్పలేదు. బూట్లు విప్పి మంచం కిందకు నెట్టి, "నన్ను పేరెట్టే పిలవండ్రా," అన్నాడు. "ఊరికే కాదు. మా అమ్మ మాట."

వాళ్లమ్మ ఇదే దేశంలో, షార్జాలో ఒక ఇంట్లో వంటపని చేసిందట. ఆ ఇంటి మేడమ్‌కు ఈమె పేరు నోరు తిరగలేదో, తిప్పుకునే ఓపిక లేదో, అంతకుముందు పనిచేసి వెళ్లిపోయిన శ్రీలంక ఆమె పేరు పెట్టే పిలిచింది. వెళ్లిపోయిన మనిషి చీపురు, గరిటె, గౌను ఇంట్లోనే మిగిలాయి. వాటితో పాటు పేరూ మిగిలింది. ఈమె అదీ తొడుక్కుంది.

"సెలవు మీద ఇంటికొచ్చింది. పక్కింటి పెద్దమ్మ వెనకనించి పేరెట్టి పిలిచిందిరా. అమ్మ తిరగలేదు. మళ్లీ పిలిచింది. నేను కొంగు లాగితే అప్పుడు చూసింది. తన పేరు తనకే తెలీలేదు. నేను ఇటు వచ్చేటప్పుడు ఒకటే చెప్పింది. ఏ పనైనా చెయ్యి, తప్పు లేదు. ఎవడో పెట్టిన పేరుకి మాత్రం పలక్కు అంది."

ఆ పూట అన్న వంతు గిన్నెలు కూడా నేనే కడిగాను.

కరోనా మాస్కులు గడ్డం కిందికి జారిన రోజుల్లో గ్యారేజీకి కొత్త మేనేజర్ వచ్చాడు. ఇంగ్లండ్ మనిషి. పేరు వెస్లీ. మాకైతే పండగే అయింది. "నాలుగో ఆయన దిగిండు, ఇగ పేకాటకు తక్కువ లేదు," అని నేను షెడ్డంతా చాటింపు వేశాను.

మరునాడు పొద్దున హాజరు దగ్గర టైమ్‌కీపర్ అందర్నీ నిలబెట్టాడు. మేనేజర్ పేరు పెట్టి లేబర్‌ను మైకులో పిలవడం బాగుండదన్నాడు. "సాబ్ కా నామ్ హై. ఇజ్జత్ చాహియే." కనుక ఇవాళ్టి నుంచి గేటు మనిషి నైరోబీ, కౌంటర్ మనిషి మనీలా, వెల్డింగ్ మనిషి హైదరాబాద్.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు పెట్టె కూడా సర్దుకోలేదు, పూజారి మాత్రం అప్పుడే గుడికి తాళం వేసేశాడు. టైమ్‌కీపర్ మన దేశపు మనిషే. నాకు మంట అక్కడే మొదలైంది. మేనేజర్ అడగలేదు. మా వీసాలు చేతిలో ఉన్న అరబ్బు కఫీల్ అడగలేదు. ఎవరూ అడగని మర్యాదను ముగ్గురు మనుషుల ఒంటి మీది నుంచి ఊడబెరికి, పళ్లెంలో పెట్టి సమర్పించాడు.

"హైదరాబాద్ మేరా గావ్ నహీ హై సాబ్," అన్నాడు వెస్లీ అన్న. "సిర్ఫ్ ఎయిర్‌పోర్ట్ దేఖా."

"ఆంధ్రా, తెలంగాణా, సబ్ హైదరాబాద్," అన్నాడు టైమ్‌కీపర్.

"ఆ లెక్కన హైదరాబాద్‌కు దగ్గరోణ్ని నేను సాబ్. ఆయన ఊరి పక్కన సముద్రం ఉన్నది, చేపలు తప్ప ఏం లెవ్వు," అని హిందీలో అందుకున్నాను. అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. ఆ నవ్వుకు తర్వాత నేను వడ్డీతో సహా చెల్లించాను, అది చివర్లో చెబుతాను.

మీ గదిలో మీరూ ఊరి పేర్లతోనే పిలుచుకుంటారు కదా, ఇందులో అంత మంటెందుకని ఎవరైనా అడగొచ్చు. టైమ్‌కీపర్ కూడా అదే అడిగాడు. మేం కోరుట్ల అని పిలిస్తే ఆ పిలుపులో వాడి ఇల్లుంది, వాడి పసుపు చేనుంది, గట్టు దగ్గర బావమరిదితో వాడి తగాదా ఉంది. ఆఫీసు పిలుపులో ఏముంది? అది విమానం టికెట్టు మీద రాసే ఊరు. మనిషిని వెనక్కి పంపడానికి మాత్రమే పనికొచ్చే పేరు. కెన్యా ఆయన ఊరికీ నైరోబీకీ మధ్య పగలంతా బస్సు ప్రయాణం. ఫిలిప్పీన్స్ ఆయన ఊరికి మనీలా నుంచి ఓడెక్కాలి. ముగ్గురికీ మూడు తప్పుడు ఊళ్లు తగిలించి, దాని పేరు ఇజ్జత్ అన్నాడు.

మిగతా ఇద్దరూ పలికారు. "ఇంట్లో పిల్లలున్నారు బ్రదర్, కుర్చీ అని పిలిచినా వస్తా," అన్నాడు గేటు ఆయన. నేను తప్పు పట్టలేదు. నేనయినా అదే చేసేవాణ్ని.

అన్న మాత్రం పలకలేదు. స్పీకర్లు "హైదరాబాద్ టు ఆఫీస్" అని పిలుస్తూనే ఉండేవి, ఆయన హెల్మెట్ అద్దం కిందికి దించుకుని చాసిస్ అతుకుతూనే ఉండేవాడు. టైమ్‌కీపర్ ఎండలో చెమటలు కక్కుతూ దిగి వచ్చి, "సునాయీ నహీ దేతా?" అంటే, అద్దం పైకెత్తి ఎంతో మర్యాదగా, "ముఝే నహీ బులాయా సాబ్," అనేవాడు. మొదటి వార్నింగ్ కాగితం వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది వస్తే ఖలాస్, వీసా క్యాన్సిల్. అది అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

నేను బతిమాలాను. "ఒక్కసారి పలుకన్నా. పలికి లోపల తిట్టుకో. మేమంత గట్లనే బతుకుతున్నం గదా."

"మా అమ్మా అలాగే అనుకుందిరా, తమ్ముడూ. ఒక్కసారే కదా అని."

నా మెడకూ ఒక పని తగిలింది. హెల్మెట్ల మీద పేర్లు వేసేది మా పెయింటింగ్ వాళ్లమే. అట్టముక్కలో అక్షరాలు కోసి, దాని మీద స్ప్రే కొడతాం. ఇంగ్లీషు అక్షరాలు నాకు బడిలో కంటే ఆ అట్టముక్కల్లోనే బాగా వచ్చాయి. అన్న వెల్డింగ్ హెల్మెట్ మీద పాత పేరు గీకి హైదరాబాద్ అని వెయ్యమని ఆర్డరు. నేను సాకులు మొదలుపెట్టాను. పెయింట్ అయిపోయింది సాబ్. గాలిలో తేమ ఉంది సాబ్, ఆరదు. హైదరాబాద్ పొడుగు పేరు సాబ్, హెల్మెట్ చాలదు, ఏదైనా చిన్న ఊరు చూడండి. మైకు గదిలో టైమ్‌కీపర్ పళ్లు కొరికిన చప్పుడు బూత్ దాకా వినపడినట్టుండేది.

చివరికి అన్ననూ తీసుకుని నేరుగా మేనేజర్ గదికి వెళ్లాను. ఒక మాట నిజం చెప్పాలి, ఆయన చెడ్డ మనిషి కాదు. కుర్చీలు చూపించాడు. మా బట్టల గ్రీజు చూసి మేమే కూర్చోలేదు. నాకొచ్చిన ఇంగ్లీషును, రానిదాన్ని కలిపి సంగతంతా చెప్పాను. ఆయన కళ్లు పెద్దవి చేసి, తనకు ఏమీ తెలియదన్నాడు. ఇక అయిపోయింది, దేవుడే దిగొచ్చాడనుకున్నాను.

ఆయన నవ్వుతూ ఫోన్ తీశాడు. వెస్లీ అనేది అసలు మనిషి పేరే కాదట, ఇంగ్లండులో ఒక ఊరి పేరట. పడమటి పచ్చిక బయలు అని అర్థమట. పూర్వం ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లను ఊరి పేరుతో పిలిచారట. అది ఇంటిపేరైంది, ఆ తర్వాత పిల్లలకు పెట్టుకునే పేరైంది. "మీ గది పద్ధతే," అన్నాడు నాతో, చాలా సంతోషంగా. తర్వాత ఆ పేరున్న పేరుమోసినవాళ్లందరి పట్టీ తెరిచి మా ముందు పెట్టాడు. వేలితో తోస్తూనే ఉన్నాడు, అది దొర్లుతూనే ఉంది. ఫుట్‌బాల్ ఆడేవాడు, ఫుట్‌బాల్ ఆడేవాడు, సినిమా మనిషి, మళ్లీ ఫుట్‌బాల్, మంత్రి, పాటగాడు, జడ్జి, ఇంకో ఫుట్‌బాల్. "చూడు, మన పేరు గలవాళ్లు ఎంత గొప్పవాళ్లో!" అని అన్న భుజం తట్టాడు.

అన్న ఆ ఫోన్ వంక శ్రద్ధగా చూశాడు. "ఇంతమంది ఒకే పేరుతో ఉన్నారు కదా, పక్కోడి కోసం వీళ్లలో ఎవరన్నా పేరు మార్చుకున్నారేమో అడుగు," అన్నాడు నాతో. అడిగాను. మేనేజర్ పగలబడి నవ్వి, మంచి ప్రశ్న అన్నాడు. మైకు సంగతి మాత్రం ఆఫీసు వాళ్ల పని అన్నాడు. తను కొత్తగా వచ్చాడు, అందులో వేలు పెడితే బాగుండదట. పైగా ఒకే పేరుతో నలుగురుంటే తికమకే కదా అన్నాడు. మంచినీళ్ల సీసాలు చెరొకటి ఇచ్చి పంపాడు.

మెట్లు దిగుతుంటే నా ఒళ్లు మండిపోయింది. ఇంకెవరైనా మనల్ని చూసి కేకలేస్తే తిరిగి కేకలేయొచ్చు. నవ్వి, భుజం తట్టి, చల్లటి నీళ్లిచ్చినవాణ్ని ఏం చేస్తాం? అంతమంది గొప్పవాళ్లు ఒకే పేరుతో ఆ చిన్న ఫోన్‌లో పక్కపక్కనే సర్దుకున్నారు. ఏ ఫుట్‌బాల్ వాణ్నీ నువ్వు మనీలా, నువ్వు నైరోబీ అని ఎవరూ అనలేదు. ఇంత పెద్ద షెడ్డులో, నాలుగు టిప్పర్లు ఒకేసారి తిరిగే చోట, నలుగురు మనుషులు పట్టలేదట. ఆ పట్టీలో వెల్డింగ్ చేసేవాడు ఒక్కడూ లేడు, అదీ సంగతి. గొప్పవాళ్లకు పేరు కలిస్తే వాళ్లందరికీ కలిపి ఒక పేజీ ఇస్తారు. మాకు కలిస్తే గీకేస్తారు.

ఆ మధ్యాహ్నమే హెల్మెట్ తీసుకుని బూత్‌లోకి వెళ్లాను. పాత అక్షరాలు ఎమరీ కాగితంతో గీకాను. ప్రైమర్ కొట్టాను. ఆరాక, టిప్పర్లకు కొట్టే పసుపు రంగుతో మళ్లీ అదే పేరు వేశాను, వెస్లీ అని, ఇదివరకటి కంటే రెండింతలు పెద్దగా, గేటు నుంచి చూసినా కనపడేట్టు. "ఏంట్రా, పెళ్లి కారుకి రాసినట్టు రాశావు," అన్నాడు అన్న. చాలా రోజులకు నవ్వాడు.

టైమ్‌కీపర్ చూశాడు. నాకు మొదటి వార్నింగ్ ఇచ్చాడు, అన్నకు మూడోది. క్యాన్సిల్.

ఎయిర్‌పోర్టుకు బస్సెక్కేటప్పుడు అన్న మాలో ఎవరినీ ఏడవనివ్వలేదు. "మెట్‌పల్లీ," అని నన్ను మొదటిసారి ఊరు పెట్టి పిలిచాడు, "మీ బస్టాండులో చెప్పండ్రా, ఒక పాసింజరు దిగిపోయాడని." హెల్మెట్ కంపెనీది కాబట్టి స్టోర్‌లో అప్పజెప్పాడు. అక్కడ దాన్ని పేరు గోడవైపు ఉండేట్టు తిప్పి పెట్టారు. ఇంటికి చేరాక ఫోన్ చేశాడు.

"అమ్మ ఏమన్నదన్నా?" అన్నాను భయంగా.

"ఏమంటాది? 'ఒరే వెస్లీ, పులస దొరకలేదురా, కొర్రమీను తెచ్చాను, కాళ్లు కడుక్కుని రా' అంది. అంతే." ఇప్పుడు ఇంటి దగ్గరే గేట్లు, కిటికీ చువ్వలు అతుకుతున్నాడు.

తర్వాతి ఎండాకాలానికి మేనేజర్ వేరే దేశంలో ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. కాపాడాల్సిన ఇజ్జత్ విమానమెక్కింది. పేర్లు తిరిగి వస్తాయేమో అనుకున్నాను. గేటు ఆయనతో, "బ్రదర్, ఇక నువ్వు మళ్లీ వెస్లీవే," అన్నాను. ఆయన బారికేడ్ ఎత్తుతూ, "ఎవరు పిలుస్తారు?" అన్నాడు. ఒకరి కోసం ముగ్గురి దగ్గర లాక్కున్న పేరు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది.

వెల్డింగ్‌లోకి బీహార్ మనిషి వచ్చాడు, వస్తూనే పట్నా అయ్యాడు. దాంతో హైదరాబాద్ ఖాళీ. వెళ్లిపోయిన మనిషి వదిలిన గౌను ఎవరో ఒకరు తొడుక్కోవాలి కదా. ఒకరోజు మైకు "హైదరాబాద్ టు ఆఫీస్" అంది. ఎవరూ కదల్లేదు. టైమ్‌కీపర్ బూత్ దగ్గరికి వచ్చి నా భుజం మీద కొట్టాడు.

"తుమ్‌కో బులాయా. తుమ్ హీ బోలా థా నా, హైదరాబాద్ కే పాస్ వాలా మై హూ?"

నా జోకే. ఎంత జాగ్రత్తగా దాచుకున్నాడు!

"ఆయన వెళ్లిపోయాడు సాబ్," అన్నాను. "వస్తే చెబుతాను."

ఆయన వెనక్కి వెళ్లి మైకు అందుకున్నాడు. నాకు ఇప్పటికి రెండు వార్నింగ్ కాగితాలు వచ్చాయి. స్పీకర్లు ఇంకా పిలుస్తున్నాయి. నేను మాస్కు బిగించుకుని, టిప్పర్ తలుపు మీద రెండో కోటు కొడుతున్నాను.